‘ది థర్డ్ మ్యాన్’: ఒక సినిమా, అనేక ప్రతులు

శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్త్రాలు చరిత్ర రచనకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో మీరు ఇంతకుముందు చదివారు. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి వీటికి మరో ఆధారం తోడవుతుంది. అది సినిమా. ఒక కాలపు వీధులు, దుస్తులు, మాటతీరు, భయాలు సినిమాలో నమోదవుతాయి. అయితే ఆ కాలపు ప్రేక్షకుడు థియేటర్లో చూసిన సినిమాను ఈనాడు మనం నేరుగా చూడలేం. మనకు దొరికేది క్యాసెట్టో, డిస్కో, దాని నుంచి తీసిన ఫైలో. అందువల్ల సినిమాను ఆధారంగా వాడే విద్యార్థి ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. నేను చూసింది ఏ ప్రతి?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయడానికి ముందు అనేక రాతప్రతులను సేకరించి పోల్చి చూశాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరో ప్రతిలో ఉండదు, ఉన్నా మాటలు మారి ఉంటాయి. సినిమాకు ఈ చిక్కు ఉండదని చాలామంది అనుకుంటారు. యంత్రంతో తీసినది, యంత్రంతో నకలు చేసినది కాబట్టి అన్ని ప్రతులూ ఒకటేనని వారి నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో బ్రిటిష్ థ్రిల్లర్ చిత్రం ‘ది థర్డ్ మ్యాన్’ హోమ్ వీడియో ప్రతులను పోల్చి తెలుసుకుందాం.

సినిమా, దాని నగరం

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వియన్నా నగరాన్ని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ మండలాలుగా పంచుకున్నాయి. నగరం నడిబొడ్డు మాత్రం నాలుగు దేశాల ఉమ్మడి పాలనలో ఉండేది. అక్కడ అధ్యక్ష బాధ్యత నెలకొక దేశం చొప్పున మారేది. నాలుగు దేశాల సైనిక పోలీసులు ఒకే జీపులో కూర్చుని గస్తీ తిరిగేవారు. 1955లో ఆస్ట్రియాతో ఒడంబడిక కుదిరే వరకు ఈ ఆక్రమణ కొనసాగింది. దర్శకుడు కెరొల్ రీడ్ 1948 చివరి నెలల్లో తన బృందంతో వెళ్లి ఈ నగరంలోనే, బాంబుదాడుల శిథిలాల మధ్యనే చిత్రీకరణ జరిపాడు. మిగిలిన భాగాలను ఇంగ్లండ్‌లో షెపర్టన్ స్టూడియోలో తీశారు. కథ, స్క్రీన్‌ప్లే గ్రాహం గ్రీన్‌వి. 1949లో బ్రిటన్‌లో విడుదలైన ఈ చిత్రానికి ఆ ఏడాదే కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి లభించింది. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్ ఆస్కార్ అందుకున్నాడు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద ఉత్తమ బ్రిటిష్ చిత్రాల జాబితా వేసినప్పుడు మొదటి స్థానం దీనికే దక్కింది.

కథ క్లుప్తంగా ఇది. హోలీ మార్టిన్స్ అనే అమెరికన్ రచయిత చవకరకం కౌబాయ్ నవలలు రాసి బతుకుతుంటాడు. ఉద్యోగం ఇప్పిస్తానన్న మిత్రుడు హ్యారీ లైమ్‌ను నమ్ముకుని వియన్నా వస్తాడు. తీరా వచ్చాక తెలిసేది, లైమ్ వాహనం కింద పడి చనిపోయాడని. ఆ మరణం గురించి తలా ఒక మాట చెబుతుంటే మార్టిన్స్‌కు అనుమానం కలుగుతుంది. చివరికి బయటపడేదేమిటంటే, లైమ్ సైనిక ఆసుపత్రుల నుంచి దొంగిలించిన పెన్సిలిన్‌ను పలచన చేసి అమ్మిన నేరస్థుడు. పైగా బతికే ఉన్నాడు. ఆ మందు వాడిన పిల్లల గతి ఏమైందో సినిమా మనకు నేరుగా చూపదు. ఆసుపత్రి వార్డులో మార్టిన్స్ ముఖాన్ని చూపి ఊరుకుంటుంది.

యుద్ధానంతర యూరప్‌లో నల్లబజారు, మందుల కొరత, గుర్తింపు పత్రాలు లేనివారి అభద్రత, మిత్రరాజ్యాల మధ్య పెరుగుతున్న అపనమ్మకం వంటి అంశాల మీద వ్యాసం రాసే విద్యార్థికి ఈ సినిమా మంచి ఆధారం. చిక్కల్లా ‘ఈ సినిమా’ అన్న మాటలోనే ఉంది.

ఎవరి గొంతు?

చిత్రం ఆరంభంలో వియన్నా దృశ్యాల మీద ఒక వ్యాఖ్యానం వినిపిస్తుంది. బ్రిటిష్ ప్రతిలో ఆ గొంతు దర్శకుడు రీడ్‌దే. అయితే అతను దర్శకుడిగా మాట్లాడడు. పేరులేని ఒక వ్యక్తిగా, నల్లబజారు లోగుట్టు తెలిసినవాడిగా మాట్లాడతాడు. యుద్ధానికి ముందటి అందాల వియన్నా తనకు తెలియదంటాడు. ఈ వ్యాపారంలో అనుభవం లేనివారు నిలవలేరని అతను చెబుతుండగా తెర మీద నదిలో తేలుతున్న శవం కనిపిస్తుంది. ఆ తరువాత, ఏదో సరదా సంగతి గుర్తొచ్చినట్టుగా, మార్టిన్స్ అనే అమెరికన్ గురించి చెప్పడం మొదలుపెడతాడు. మార్టిన్స్ అతనికి జాలిపడదగిన మనిషి, కాస్త నవ్వుకోదగిన మనిషి కూడా.

అమెరికాలో 1950లో విడుదలైన ప్రతిలో ఈ గొంతు లేదు. అక్కడ పంపిణీ హక్కులున్న సహనిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్ దాన్ని తీసివేయించి, మార్టిన్స్ పాత్రధారి జోసెఫ్ కాటెన్ చేత కొత్త వ్యాఖ్యానం చెప్పించాడు. మొదటి వ్యాఖ్యానంలోని నీచపు వాసన అమెరికన్ ప్రేక్షకులకు నచ్చదని అతని అభిప్రాయం. దీనితోపాటు సుమారు 11 నిమిషాల చిత్రాన్ని కత్తిరించాడు. బ్రిటిష్ ప్రతి నిడివి 104 నిమిషాలు, అమెరికన్ ప్రతి నిడివి 93 నిమిషాలు.

గొంతు మారితే ఏమవుతుందో ఆలోచించండి. బ్రిటిష్ ప్రతిలో కథ చెప్పేవాడు నగరానికి అలవాటుపడ్డవాడు. అమెరికన్ యువకుడు అక్కడికి ఏమీ తెలియకుండా వచ్చిపడ్డవాడు. అనుభవజ్ఞుడైన యూరప్ అమాయకపు అమెరికాను ఓరగా చూడడం సినిమా మొదటి నిమిషంలోనే మొదలవుతుంది. అమెరికన్ ప్రతిలో కథ మార్టిన్స్ చేతిలో ఉంటుంది. తన అవివేకాన్ని తానే గుర్తుచేసుకుని చెప్పే మనిషి అంత అవివేకిగా కనిపించడు. ఒకే దృశ్యాలు, ఒకే నగరం, కాని చూసే చూపు వేరు. బ్రిటన్, అమెరికాల సంబంధాల గురించి ఈ సినిమాను సాక్ష్యంగా తెచ్చే వ్యాసంలో ‘కథానాయకుడే మనకు కథ చెబుతాడు’ అని రాస్తే, 1949లో లండన్ ప్రేక్షకుడు విన్న సినిమా గురించి ఆ వాక్యం పూర్తిగా తప్పు. 1950లో న్యూయార్క్ ప్రేక్షకుడి విషయంలో ఒప్పు.

అలాగని అమెరికన్ ప్రతిని ‘చెడిపోయిన ప్రతి’ అని పక్కన పడేయకూడదు. కళాకృతిగా చూస్తే బ్రిటిష్ ప్రతే మేలు. ఈ రచయితకు ఆ విషయంలో సందేహం లేదు. కాని చరిత్ర విద్యార్థికి కత్తిరింపు కూడా సాక్ష్యమే. 1950 నాటి ఒక హాలీవుడ్ నిర్మాత తన దేశపు ప్రేక్షకులు ఏమి భరించగలరని, ఏమి భరించలేరని అనుకున్నాడో ఆ 11 నిమిషాలు చెబుతాయి. ఇప్పుడు అమెరికాలో దొరికే అధికారిక డిస్కుల్లో కూడా రీడ్ కూర్పే ఉంటుంది. క్రైటీరియన్, స్టూడియో కెనాల్ సంస్థల డీవీడీల్లో రెండు వ్యాఖ్యానాలనూ చేర్చారు. పక్కపక్కన వినే అవకాశం దొరికితే వదులుకోకండి.

నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఇప్పుడొక చిన్న ఉచ్చు. రీడ్ కూర్పు ఉన్న బ్రిటన్ డీవీడీని యంత్రంలో పెడితే నిడివి దాదాపు 100 నిమిషాలని చూపుతుంది. అదే కూర్పు ఉన్న అమెరికా డీవీడీ 104 నిమిషాలు నడుస్తుంది. నాలుగు నిమిషాలు తేడా వచ్చింది కాబట్టి బ్రిటన్ డిస్కులో ఏదో కోసేశారని అనిపిస్తుంది. నిజానికి ఒక్క ఫ్రేము కూడా పోలేదు.

కారణం టెలివిజన్ పద్ధతిలో ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీస్తారు. బ్రిటన్‌లోనూ, మన దేశంలోనూ వాడిన పాల్ పద్ధతి టెలివిజన్ సెకనుకు 25 ఫ్రేములు చూపుతుంది. అందుకని సినిమాను పాల్ వీడియోకు ఎక్కించేటప్పుడు సాధారణంగా కాస్త వేగం పెంచి 25 ఫ్రేములుగా నడిపేవారు. 104ను 24తో గుణించి 25తో భాగించండి, 99.84 వస్తుంది. అమెరికాలోని ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో వేగం పెంచరు. కొన్ని ఫ్రేములను ఎక్కువసేపు నిలిపి లెక్క సరిపెడతారు, కాబట్టి నిడివి మారదు. బ్లూ-రేలో సినిమాను 24 ఫ్రేముల వేగంతోనే ఉంచవచ్చు. అందుకే ఏ దేశపు బ్లూ-రేలో చూసినా ఈ కూర్పు 104 నిమిషాలకు చేరుకుంటుంది.

ఇది కేవలం గడియారం లెక్క కాదు. వేగం నాలుగు శాతం పెరిగితే, ప్రత్యేకంగా సరిచేయని పక్షంలో, ధ్వని శ్రుతి కూడా పెరుగుతుంది. ఎంత? మన సంగీత పరిభాషలో చెప్పాలంటే ముప్పాతిక స్వరస్థానానికి కాస్త తక్కువ. మామూలు సినిమాలో ఇది తెలియదు. ‘ది థర్డ్ మ్యాన్’లో తెలుస్తుంది, ఎందుకంటే ఈ సినిమా సంగీతమంతా ఒకే వాద్యం మీద నడుస్తుంది. జిథర్ అనేది బల్లమీద పెట్టుకుని మీటే తంత్రీవాద్యం. దాన్ని వాయించిన ఆంటన్ కరాస్ వియన్నా మధుశాలల్లో కచేరీలు చేసుకునే కళాకారుడు. రీడ్ వాద్యబృందాన్నంతా పక్కనబెట్టి అతనొక్కడి చేతనే సంగీతం చేయించాడు. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాల్ డీవీడీని, బ్లూ-రేను వినిపించి చూడండి. ఒకదానికి పెట్టిన శ్రుతి రెండోదానికి సరిపోదు. 2000 ప్రాంతంలో మన ఊళ్లలో అద్దెకు తెచ్చుకున్న పాల్ వీసీడీల్లో విదేశీ చిత్రాలను చూసినవారు నటుల గొంతులను అసలుకన్నా కొంచెం సన్నగా విన్నారన్నమాట, తమకు తెలియకుండానే.

కాబట్టి రెండు ప్రతుల నిడివి తేడాగా ఉన్నప్పుడు ముందు వేగం లెక్క చూడండి. ఆ లెక్కతో తేలని తేడా మిగిలితేనే కత్తిరింపు గురించి ఆలోచించండి.

చట్టం, చౌక క్యాసెట్లు

ఒకే సినిమాకు అన్ని రకాల ప్రతులు ఎలా పుట్టుకొచ్చాయన్న ప్రశ్నకు సమాధానం సాంకేతికతలో కన్నా చట్టంలో ఎక్కువగా దొరుకుతుంది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం మొదటి 28 ఏళ్ల తరువాత కాపీరైట్‌ను నమోదు చేయించి పొడిగించుకోవాలి. సెల్జ్‌నిక్ 1965లో మరణించాడు. పొడిగింపు జరగలేదు. దాంతో అమెరికాలో ఈ సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. సరిగ్గా ఆ సమయానికే ఇళ్లలోకి వీడియో క్యాసెట్ వచ్చింది. వీహెచ్‌ఎస్ అమెరికా మార్కెట్లో అడుగుపెట్టింది 1977లో. ఎవరి దగ్గర ఏ ప్రింటు ఉంటే దాన్ని క్యాసెట్‌కెక్కించి అమ్ముకోవచ్చు. అనుమతి అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు. అరిగిపోయిన ప్రింట్లు, నకలుకు నకళ్లు అన్నీ బజారుకెక్కాయి. అట్ట మీద బొమ్మ ఒకటే కావచ్చు, లోపల ఏముందో పెట్టి చూస్తేనే తెలిసేది.

1996లో పరిస్థితి మారింది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం మేరకు అమెరికా చేసిన చట్టం అనేక విదేశీ కృతులకు కాపీరైట్‌ను తిరిగి కల్పించింది. ‘ది థర్డ్ మ్యాన్’ హక్కు స్టూడియో కెనాల్‌కు చెందింది. ప్రజల సొత్తయిన దాన్ని మళ్లీ ఒకరి సొత్తు చేయడం చెల్లదంటూ కొందరు కోర్టుకెక్కారు. వారిలో సంగీత కచేరీల నిర్వాహకులు, పాత సినిమాల మీద ఆధారపడినవారు ఉన్నారు. గోలన్ వర్సెస్ హోల్డర్ అనే ఆ వ్యాజ్యంలో 2012 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

ఇందులో న్యాయం ఎటువైపు ఉందని మీరు అడగవచ్చు. హక్కుదారు ఉన్నప్పుడే మంచి ప్రతిని వెతికి, ఖర్చుపెట్టి శుభ్రం చేయడానికి సంస్థలు ముందుకొచ్చాయన్నది వాస్తవం. ఎవరూ అడ్డుకోని కాలంలోనే ఈ సినిమా పేదవాడి ఇంటికి, చిన్న ఊరి గ్రంథాలయానికి చేరిందన్నది కూడా వాస్తవమే. మన దేశపు చట్టంలో సినిమాకు కాపీరైట్ విడుదల తరువాత 60 ఏళ్లు ఉంటుంది. బ్రిటన్‌లో లెక్క వేరు. దర్శకుడు, రచయిత, సంగీతకర్త వంటి ముఖ్యులలో ఆఖరున మరణించినవారి తరువాత 70 ఏళ్లు. గ్రీన్ 1991లో మరణించాడు. అంటే అక్కడ ఈ సినిమా 2061 దాకా హక్కుల కిందే ఉంటుంది.

నీడల నాణ్యత

‘ది థర్డ్ మ్యాన్’ రాత్రుల సినిమా. తడిసిన రాళ్లు పరిచిన వీధులు, ఏటవాలుగా నిలబెట్టిన కెమెరా, గోడలంత ఎత్తు నీడలు, మురుగునీటి సొరంగాలు. చీకటి గుమ్మంలో నిలబడ్డ మనిషి కాళ్ల దగ్గరికి పిల్లి వచ్చి చేరుతుంది. ఎదుటి ఇంటి కిటికీలో దీపం వెలగగానే హ్యారీ లైమ్‌గా ఆర్సన్ వెల్స్ ముఖం బయటపడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం సినిమా అప్పటిదాకా చీకటిని దాచిపెట్టుకుంటూ వస్తుంది. చీకటిలో ఎన్ని ఛాయలున్నాయో చూపలేని ప్రతిలో ఈ దృశ్యానికి ప్రాణం ఉండదు.

వీహెచ్‌ఎస్ టేపులో బొమ్మకు సుమారు 240 గీతల వివరమే ఉంటుంది. నకలు తీసిన కొద్దీ నలుపు బూడిదరంగులోకి జారుతుంది, తెలుపు మండిపోతుంది. పాల్ డీవీడీలో 576 గీతలు, అమెరికా డీవీడీలో 480, బ్లూ-రేలో 1080. కాని ఈ అంకెలను చూసి తొందరపడకండి. అరిగిన ప్రింటును బ్లూ-రేలో పెడితే అరుగుదలే స్పష్టంగా కనిపిస్తుంది. అడగవలసింది, ఆ డిస్కుకు మూలం ఏది అని.

ఫిల్ముకు కూడా రాతప్రతుల్లాగే తరాలుంటాయి. కెమెరాలో తిరిగిన నెగెటివ్ మొదటి తరం. దాని నుంచి నేరుగా, భద్రపరచడం కోసం తీసే నాణ్యమైన పాజిటివ్‌ను ‘ఫైన్ గ్రెయిన్ మాస్టర్’ అంటారు. అది రెండో తరం. దాని నుంచి నకలు నెగెటివ్, దాని నుంచి థియేటర్ ప్రింటు. ఇలా దిగిన కొద్దీ వివరం తగ్గుతుంది. క్రైటీరియన్ సంస్థ 1999లో బ్రిటిష్ కూర్పును శుభ్రపరచి డీవీడీగా తెచ్చింది. 2007లో రెండు డిస్కులుగా, 2008లో బ్లూ-రేగా మళ్లీ విడుదల చేసింది. హక్కులు చేతులు మారడంతో 2010లో అమెరికాలో లయన్స్‌గేట్ బ్లూ-రే వచ్చింది, క్రైటీరియన్‌ది మార్కెట్ నుంచి తప్పుకుంది. 2015లో స్టూడియో కెనాల్ చేయించిన పునరుద్ధరణకు అసలు నెగెటివ్ నుంచి తీసిన ఫైన్ గ్రెయిన్ మాస్టర్‌ను 4కె స్థాయిలో స్కాన్ చేశారు. పాత చౌక క్యాసెట్లకూ దీనికీ ఉన్న దూరం అందుకే అంత ఎక్కువ.

శుభ్రం చేయడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఫిల్ము మీది సన్నని ఇసుకలాంటి గ్రెయిన్ దుమ్ము కాదు. బొమ్మ ఏర్పడిందే ఆ రేణువులతో. కంప్యూటర్‌తో దాన్ని మితిమీరి తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా మారతాయి. కొనేవారిలో చాలామంది ఆ నునుపునే నాణ్యత అనుకుంటారు. పాత గుడి శిల్పానికి ఎనామిల్ పెయింట్ వేసి ‘జీర్ణోద్ధరణ’ అనడం మీరు చూసే ఉంటారు. 1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు కొత్త తరం దాన్ని ఆనందంగా చూసింది, మంచిదే, కాని ఆ రంగులను 1957 ఛాయాగ్రహణానికి ఆధారంగా చూపలేం కదా.

తెలియని భాష

చివరగా ఒక చిన్న మార్పు గురించి చెప్పుకోవాలి. చిన్నదే, కాని అన్నిటికన్నా సులభంగా మన కన్ను తప్పించుకునేది ఇదే. సినిమాలో వియన్నా వాసులు తరచూ జర్మన్‌లో మాట్లాడతారు. రీడ్ ఆ మాటలకు తెరమీద అనువాదం ఇవ్వలేదు. మార్టిన్స్‌కు జర్మన్ రాదు. ఇంటి యజమానురాలు ఏమని మొత్తుకుంటోందో, వీధిలో గుంపు తనను ఎందుకు అనుమానంగా చూస్తోందో అతనికి అర్థం కాదు. ప్రేక్షకుడికీ అర్థం కాకూడదన్నదే ఉద్దేశం. పరాయి సైన్యాల కింద ఉన్న నగరంలో మనుషులు ఒకరికొకరు అర్థం కాకపోవడమే ఇక్కడి పరిస్థితి.

డిస్కుల్లో సబ్‌టైటిళ్లు వచ్చాక ఈ అడ్డుగోడను తేలిగ్గా తీసేయవచ్చు. జర్మన్ మాటలకు కూడా సబ్‌టైటిల్ ఉన్న ప్రతిలో మార్టిన్స్‌కు తెలియనిది మనకు ముందే తెలిసిపోతుంది. అతని మీద మన జాలి మారుతుంది, ఉత్కంఠ తగ్గుతుంది. క్రైటీరియన్ వారు 2007 ప్రతిలో ఈ చిక్కును తెలివిగా విడదీశారు. సినిమాను సినిమాగా ఉంచి, అనువదించని మాటల వివరాన్ని విడిగా, అదనపు విభాగంలో ఇచ్చారు. మనలాంటివారికి ఇంగ్లీషు మాటలకే సబ్‌టైటిల్ అవసరం కావచ్చు. పెట్టుకోండి, తప్పేమీ లేదు. జర్మన్ మాటల దగ్గర మాత్రం, కనీసం మొదటిసారి చూసేటప్పుడు, అది లేకుండా చూడండి.

అభ్యాసం

మీకు దొరికిన ‘ది థర్డ్ మ్యాన్’ ప్రతిని తీసుకోండి. ఆరంభ వ్యాఖ్యానం వరకు చూసి, మాట్లాడుతున్నది పేరులేని వ్యక్తా, మార్టిన్సా అన్నది రాసుకోండి. మొత్తం నిడివి, ప్రచురించిన సంస్థ, సంవత్సరం, జర్మన్ సంభాషణలకు సబ్‌టైటిల్ ఉందా లేదా అన్నవి దాని కింద చేర్చండి. మీ వ్యాసంలో సినిమా పేరు వచ్చిన మొదటి చోటే ఈ వివరాలుండాలి. ఇప్పుడు ఈ లెక్క చేయండి. మీ మిత్రుడి దగ్గరున్న డీవీడీ నిడివి 89 నిమిషాలని చూపుతోంది. అది ఎవరి కూర్పు, ఏ టెలివిజన్ పద్ధతిలో తయారైన ప్రతి? గుణకార భాగహారాలతో సహా రాసి చూపండి.